ఫోన్లతో ఊరి నీళ్ల సర్వే: డిగ్రీ క్లాసుతో సెమిస్టర్ ప్రాజెక్ట్ నడిపే పద్ధతి

డిగ్రీ కాలేజీ లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "ప్రాజెక్ట్ చేయించమంటున్నారు, డిజిటల్ టూల్స్ వాడమంటున్నారు. క్లాసులో అరవై మంది, చూసుకోవడానికి నేనొక్కడిని. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఆంధ్రప్రదేశ్‌లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ కావచ్చు, తెలంగాణలో జిజ్ఞాస స్టడీ ప్రాజెక్ట్ కావచ్చు, ఇంజినీరింగ్‌లో మినీ ప్రాజెక్ట్ కావచ్చు, ఇబ్బంది ఒక్కటే. చివరి వారం దాకా ఏమీ కనిపించదు. ఆ వారంలో జిరాక్స్ షాపు నుంచి స్పైరల్ బైండింగ్ రిపోర్టులు వస్తాయి. లోపల ఏముందో రాసినవాళ్లకే సరిగ్గా తెలియదు.

దీనికి పిల్లల బద్ధకాన్ని తిట్టి లాభం లేదు. నడుమ ఎనిమిది వారాలూ మీరు తెరిచి చూసేందుకు ఏమీ లేకపోవడమే అసలు కారణం. కింది పద్ధతిలో ప్రతి మెట్టు చివరా ఒక చూడదగ్గ వస్తువు తయారవుతుంది. అది మీ చేతికి రాకుండా తర్వాతి మెట్టుకు పంపకండి. ఈ ఒక్క కట్టుబాటు ఉంటే టూల్స్ ఏవైనా పని నడుస్తుంది.

ఉదాహరణకు తాగునీటి వనరుల సర్వే తీసుకుందాం. బోరు, బావి, నల్లా, వాటర్ ప్లాంటు, వీటిలో ఏదో ఒకటైనా లేని ఊరు ఉండదు. మీటరు పెడితే ఒక అంకె వస్తుంది, ఆ అంకె సరైనదో కాదో మళ్లీ కొలిచి తేల్చుకోవచ్చు. కెమిస్ట్రీ, జాగ్రఫీ, కంప్యూటర్స్, తెలుగు, అందరికీ ఇందులో పని ఉంది. పైగా ఫలితం ఊరికి పనికొస్తుంది. నల్లగొండ పేరు మీదే ఫ్లోరైడ్ తొలగించే పద్ధతి ఒకటి ఉన్న నేల మనది. నీళ్లలో ఏముందో కొలవడం ఇక్కడ పరీక్ష కోసం చేసే పని మాత్రమే కాదు.

## కావలసినవి

60 మంది క్లాసుకు లెక్క ఇది. ఐదుగురికి ఒక గ్రూపు చొప్పున 12 గ్రూపులు. గ్రూపుకు 20 నీటి వనరులు. మొత్తం 240.

- గ్రూపుకు ఒక ఆండ్రాయిడ్ ఫోను. ప్రతి విద్యార్థి దగ్గరా ఉండనక్కర్లేదు.
- గ్రూపుకు ఒక జేబు టీడీఎస్ మీటరు (టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), ఉష్ణోగ్రత కూడా చూపే రకం. 12 కొనలేకపోతే 4 కొని మూడు విడతలుగా పంపండి. అన్నీ ఒకే కంపెనీ, ఒకే మోడల్ అయి ఉండాలి. ఎందుకో మూడో మెట్టులో ఉంది.
- డిస్టిల్డ్ వాటర్, మూత ఉన్న అర లీటరు ప్లాస్టిక్ సీసాలు, నీళ్లకు చెరగని మార్కర్ పెన్నులు.
- ఫోన్లతో సర్వే ఫారాలు నింపే కోబోటూల్‌బాక్స్‌లో ఒక ఉచిత ఖాతా, ఫోన్లలో దాని కోబోకలెక్ట్ యాప్. సిగ్నల్ లేని చోట కూడా ఫారం నింపవచ్చు, తర్వాత పంపవచ్చు.
- గూగుల్ షీట్స్, గూగుల్ డాక్స్.
- మ్యాపు గీయడానికి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్. ఉచితం. కాలేజీ ల్యాబులో నాలుగైదు కంప్యూటర్లలో ఉంటే సరిపోతుంది. కంప్యూటర్లు పాతవైతే గూగుల్ మై మ్యాప్స్ చాలు. అందులో ఒకసారికి 2,000 వరుసల దాకా ఎక్కించవచ్చు, మీకు కావలసింది 240.
- ప్రిన్సిపాల్ సంతకంతో పరిచయ పత్రం. ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి.
- వారానికి మీ సమయం రెండు గంటలు. గ్రూపుకు పది నిమిషాలు. ఇది దొరకదనుకుంటే ప్రాజెక్ట్ మొదలుపెట్టవద్దు, లేదా గ్రూపులను తగ్గించండి.

## మెట్టు 1: ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తేవడం (1వ వారం)

"మా ఊరి నీటి సమస్యలు" అనేది ప్రశ్న కాదు, వ్యాసరచన పోటీ శీర్షిక. దాన్ని ఇచ్చారంటే ఇంటర్నెట్ నుంచి తెచ్చిన నాలుగు పేజీలే తిరిగి వస్తాయి. ప్రశ్నలో నాలుగు ఉండాలి: ఏ చోటు, ఏ వనరులు, ఏ కొలత, దేనితో పోలిక.

పనికొచ్చే ప్రశ్న ఇలా ఉంటుంది: "ఫలానా పంచాయతీలో తాగడానికి వాడే బోర్ల నీళ్లలో ఎన్నింటి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటుతోంది? బోరు లోతుకూ టీడీఎస్‌కూ ఏమైనా పొంతన ఉందా?"

500 అనే గీత భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 నుంచి వచ్చింది. 2012 నాటి ఆ ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 దాకా ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 2,000 దాకా అనుమతిస్తారు. ఫ్లోరైడ్‌కు ఈ రెండు గీతలు 1.0, 1.5 మిల్లీగ్రాములు. నైట్రేటుకు సడలింపు లేదు, 45 ఒక్కటే గీత. ఈ పట్టిక పిల్లల నోట్సులో మొదటి రోజే ఉండాలి.

చూసుకోవలసింది: ప్రతి గ్రూపు ఒక గూగుల్ డాక్‌లో ఆ ఒక్క వాక్యం, దాని కింద ఒక ఖాళీ పట్టిక గీసి మీకు చూపాలి. జవాబు ఏ పట్టికలో పడుతుందో ముందే గీయలేని గ్రూపుకు ప్రశ్న ఇంకా అర్థం కానట్టే. ఆ గ్రూపుతో మరో పావుగంట కూర్చోండి. ఇక్కడ పెట్టిన పావుగంట ఏడో వారంలో మూడు గంటలు మిగులుస్తుంది.

## మెట్టు 2: ఫారం తయారీ (2వ వారం)

క్లాసు మొత్తానికి ఒకే ఫారం. గ్రూపుకో ఫారం ఉంటే చివర్లో 12 రకాల కాలమ్ పేర్లను అతకడానికే పుణ్యకాలం గడిచిపోతుంది. ఫారం పిల్లలే తయారుచేయాలి. మీ పని ఖాయం చేయడం.

పద్నాలుగు ప్రశ్నలు చాలు:

1. గ్రూపు నంబరు (జాబితా నుంచి ఎంపిక)
2. తేదీ
3. వనరు కోడ్ (మూడో గ్రూపు ఏడో వనరు అయితే జీ3-07)
4. వనరు రకం: చేతిబోరు, మోటారు బోరు, చేదబావి, నల్లా, వాటర్ ప్లాంటు
5. జీపీఎస్ పాయింటు
6. వనరు ఫోటో
7. బోరు లోతు, అడుగుల్లో (బోరు అని చెప్పినప్పుడే కనిపించాలి)
8. ఆ లోతు ఎవరు చెప్పారు: యజమాని, పంచాయతీ సిబ్బంది, తెలియదు
9. తాగడానికి వాడుతున్నారా
10. నీళ్ల రంగు, వాసన
11. టీడీఎస్ మొదటి రీడింగు
12. టీడీఎస్ రెండో రీడింగు
13. నీళ్ల ఉష్ణోగ్రత
14. మీటరు తెర ఫోటో

ఇంటి యజమాని పేరు, ఫోను నంబరు, ఆధార్ అడగవద్దు. "ఎందుకైనా మంచిది, తీసుకుందాం" అని పిల్లలు అంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అవి అక్కర్లేదు. అక్కర్లేని వ్యక్తిగత సమాచారం దగ్గర పెట్టుకుంటే దాని బాధ్యత కూడా మీదే. మనుషుల ముఖాలు ఫోటోల్లో రాకుండా చూడమనండి.

అంకెలు వేసే ప్రతి ప్రశ్నకూ హద్దులు పెట్టండి. టీడీఎస్ 10కి తగ్గకూడదు, 9,990కి మించకూడదు. లోతు 10 నుంచి 1,500 అడుగులు. హద్దు దాటితే ఫారం ముందుకు కదలదు. హద్దుల్లోపలి తప్పును అది పట్టదు, కానీ వేలు జారి ఒక సున్నా ఎక్కువ పడటం లాంటివి అక్కడే ఆగిపోతాయి.

ఫోటోల పరిమాణం మర్చిపోవద్దు. కెమెరా తీసినదాన్ని తీసినట్టే పంపితే ఒక్కో ఫోటో 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. 240 వనరులకు రెండేసి ఫోటోలంటే ఒకటిన్నర నుంచి రెండున్నర జీబీ. ఉచిత ఖాతాలో జాగా నిండిపోతుంది, పల్లెటూరి సిగ్నల్ మీద పంపడం కూడా కుదరదు. ఫోటో ప్రశ్న సెట్టింగుల్లో మ్యాక్స్ పిక్సెల్స్ దగ్గర 1024 అని పెడితే చాలు. మీటరు అంకెలు స్పష్టంగానే చదవవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాట్లు నాలుగు:

- ఫోనులో ఫారాల జాబితా ఖాళీగా కనిపిస్తుంది. కోబోకు గ్లోబల్, యూరోపియన్ యూనియన్ అని రెండు సర్వర్లున్నాయి. ఖాతా ఒకదానిలో తెరిచి, ఫోనులో రెండోదాని చిరునామా ఇచ్చి ఉంటారు.
- ఫారం మార్చారు కానీ మళ్లీ డిప్లాయ్ చేయలేదు, అంటే కొత్త రూపాన్ని వాడకానికి విడుదల చేయలేదు. లేదా డిప్లాయ్ చేశారు కానీ ఫోన్లలో కొత్త ఫారం దించుకోలేదు. రెండు రకాల ఫారాల నుంచి డేటా వచ్చి కలుస్తుంది.
- మీ ఖాతా పాస్‌వర్డు అందరికీ ఇచ్చేశారు. ఒకరు పొరపాటున నొక్కితే డేటా అంతా పోతుంది. లాగిన్ లేకుండా ఫారం పంపే ఆప్షన్ కోబోలో ఉంది, అది తెరవండి. పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి.
- ఐఫోను ఉన్నవాళ్లకు కోబోకలెక్ట్ ఉండదు. వాళ్లు బ్రౌజర్‌లో వెబ్ ఫారం వాడవచ్చు. అయితే పంపకముందే బ్రౌజర్ డేటా చెరిపేస్తే నింపినవన్నీ పోతాయి. గ్రూపులో ఒక ఆండ్రాయిడ్ ఉంటే అదే వాడమనండి.

చూసుకోవలసింది: ఊరికి వెళ్లే ముందు ప్రతి గ్రూపూ కాలేజీ ఆవరణలోని మూడు కుళాయిల దగ్గర ఫారం నింపి పంపాలి. 36 రికార్డులు మీ తెర మీద కనిపించాలి. 35 వచ్చాయంటే ఆ ఒక్కటి ఎక్కడ ఆగిందో పట్టుకోండి. చాలాసార్లు అది ఫోనులో డ్రాఫ్టుగా మిగిలిపోయి ఉంటుంది. ఫైనలైజ్ చేయడం, పంపడం వేర్వేరు పనులని పిల్లలకు తెలిసేది ఈ రోజే.

## మెట్టు 3: మీటర్లను ఒకే మాట మీదికి తేవడం (3వ వారం)

ఎక్కువమంది దాటవేసే మెట్టు ఇదే. దాటవేస్తే తర్వాత చేసినదంతా వృథా.

జేబు మీటరు నీళ్లలో కరిగిన లవణాలను నేరుగా కొలవదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో కొలిచి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేసి టీడీఎస్ అని చూపిస్తుంది. ఆ గుణకం కొన్ని మీటర్లలో 0.5, కొన్నింటిలో 0.7. అంటే ఒకే బిందెలో నీళ్లకు ఒక మీటరు 500 చూపితే ఇంకొకటి 700 చూపవచ్చు. రెండూ చెడిపోలేదు. రెండు ఊళ్లను రెండు రకాల మీటర్లతో కొలిచిన క్లాసు మాత్రం "ఆ ఊరి నీళ్లు ఎక్కువ ఉప్పన" అని రాసేస్తుంది.

పరీక్ష సులువు. కెమిస్ట్రీ ల్యాబులో ఆరబెట్టిన సోడియం క్లోరైడ్ సరిగ్గా 0.5 గ్రాములు తూచి, డిస్టిల్డ్ వాటర్‌తో ఒక లీటరు ద్రావణం చేయండి. దీన్ని 25 డిగ్రీల దగ్గర కొలిస్తే 0.5 గుణకం ఉన్న మీటరు 500 దరిదాపుల్లో, 0.7 గుణకం ఉన్నది 700 దరిదాపుల్లో చూపిస్తుంది. వంటింటి అయోడైజ్డ్ ఉప్పు వాడవద్దు, అందులో తేమ, కలిపిన వేరే పదార్థాలు ఉంటాయి. బజారులో దొరికే 342 పీపీఎం (దాదాపు లీటరుకు మిల్లీగ్రాములు) కాలిబ్రేషన్ ద్రావణం, అంటే మీటరును సరిచూసే ద్రావణం, ఉంటే ఇంకా మంచిది.

ప్రతి మీటరుకూ ఒక నంబరు అంటించండి. ప్రతిదానితో అదే ద్రావణాన్ని మూడుసార్లు కొలిచి షీటులో రాయించండి. సర్దుబాటు స్క్రూ లేదా బటన్ ఉంటే సరిచేయండి. ఇతర మీటర్లతో పోలిస్తే 5 శాతం కన్నా ఎక్కువ తేడా చూపేదాన్ని పక్కన పెట్టండి. బ్యాటరీ మార్చి మళ్లీ చూడండి.

చదవడంలో రెండు ఉచ్చులు ఉన్నాయి. చాలా మీటర్లలో అంకె 999 దాటితే తెర మీద "ఇంటూ 10" అనే చిన్న గుర్తు వెలుగుతుంది. దాన్ని చూడకపోతే 1,320 ఉన్న ఉప్పునీళ్లు ఫారంలో 132గా పడి తియ్యని నీళ్లయిపోతాయి. రెండోది మోడ్ బటన్. అది నొక్కుకుపోతే పీపీఎం బదులు మైక్రోసీమెన్స్ (నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చెప్పే కొలత) అంకె వస్తుంది, అది దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. తెర ఫోటో అడిగింది ఈ రెండింటి కోసమే.

ఇంకొక మాట పిల్లల చేత పెద్ద అక్షరాలతో రాయించండి: టీడీఎస్ మీటరుకు ఫ్లోరైడ్ తెలియదు, నైట్రేటు తెలియదు, క్రిములు తెలియవు. టీడీఎస్ 300 ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 3 ఉండవచ్చు. "టీడీఎస్ తక్కువ, కాబట్టి నీళ్లు మంచివి" అని ఏ రిపోర్టులో కనిపించినా ఎర్ర సిరాతో కొట్టేయండి.

## మెట్టు 4: ఊళ్లో కొలతలు (4, 5 వారాలు)

ఏ 20 వనరులు? దారి పక్కన కనిపించినవి కాదు. పంచాయతీ దగ్గర ప్రభుత్వ బోర్లు, ట్యాంకుల జాబితా ఉంటుంది. అవన్నీ తీసుకోండి. మిగిలినవాటికి వీధుల వారీగా లెక్కపెట్టి, ప్రతి పదో ఇల్లో ఇరవయ్యో ఇల్లో ఎంచుకోండి. ఆ ఇంట్లో బోరు లేకపోతే తర్వాతి ఇల్లు. ఊరి చివరి వాడలు జాబితాలో ఉన్నాయో లేదో మీరే ఒకసారి చూడండి. పిల్లలు బస్టాపు చుట్టుపక్కలే తిరిగి వచ్చేయడం మామూలే. నీళ్ల కష్టం ఎక్కువగా ఉండేది మాత్రం ఆ చివరి వాడల్లోనే.

ఒక్కో వనరు దగ్గర చేయవలసిన వరుస:

1. చేతిబోరు అయితే రెండు మూడు నిమిషాలు కొట్టాలి. మోటారు బోరు అయితే అంతసేపు నీళ్లు వదలాలి. పైపులో నిలవ ఉన్న నీళ్లను కొలిస్తే ఆ కొలత పైపుది అవుతుంది.
2. ప్లాస్టిక్ గ్లాసును అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి.
3. మీటరు కొనను గీత దాకా ముంచి, ఒకసారి కదిపి బుడగలు పోగొట్టి, అంకె నిలకడపడ్డాక చదవాలి. సుమారు అర నిమిషం పడుతుంది.
4. నీళ్లు పారబోసి, మళ్లీ నింపి రెండో రీడింగు. రెంటికీ 5 శాతం కన్నా తేడా ఉంటే మూడోసారి.
5. తెర ఫోటో, వనరు ఫోటో.
6. జీపీఎస్ పాయింటు ఆరుబయట నిలబడి తీసుకోవాలి. ఖచ్చితత్వం 5 మీటర్లకు వచ్చేదాకా ఆగాలి. రేకుల కింద, చింతచెట్టు కింద ఇది 20, 30 దగ్గరే ఊగిసలాడుతుంది. నాలుగడుగులు బయటికి వస్తే నిమిషంలో కుదురుతుంది.
7. కొనను డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. ఉప్పునీళ్ల తర్వాత కడగకుండా ఇంకోచోట ముంచితే రెండో అంకె పెరిగిపోతుంది.

జాగ్రత్తలు: బోరు స్టార్టర్ పెట్టెను పిల్లలు ముట్టుకోకూడదు. రైతే వేయాలి. త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళలు ముందే కనుక్కుంటే ఎండలో ఎదురుచూపులు తప్పుతాయి. చేదబావిలోకి వంగి ఫోటోలు తీయవద్దు. చేదతో తోడి పైకి తెచ్చి కొలవాలి. ఎవరూ ఒంటరిగా తిరగకూడదు, ఉదయం ఏడు నుంచి పది లోపల ముగించుకోవాలి.

ఫ్లోరైడ్ కూడా చూడాలనుకుంటే గ్రూపుకు రెండు చొప్పున 24 నమూనాలు ల్యాబుకు పంపవచ్చు. వీటికి ప్లాస్టిక్ సీసాలే వాడాలి, గాజు వద్దు. సీసా మీద వనరు కోడ్, తేదీ రాయాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగపు ల్యాబుకు ముందే ఫోను చేసి, ఎన్ని తీసుకుంటారో, ఎంత నీళ్లు కావాలో కనుక్కోండి.

### అదే రోజు రాత్రి చేయవలసిన తనిఖీ

ఈ గైడులో ఒక్క పేరా మాత్రమే పాటిస్తామంటే ఇది పాటించండి. డేటా వచ్చిన రోజే మీరు కోబో తెరిచి ఐదు సంగతులు చూడాలి.

ఎన్ని రికార్డులు వచ్చాయి. జీపీఎస్ ఖచ్చితత్వం కాలమ్‌లో 10 దాటినవి ఎన్ని. మ్యాపులో చుక్కలు ఊరంతా ఉన్నాయా, ఒకచోటే కుప్ప పడ్డాయా. ఫారం మొదలైన వేళ, ముగిసిన వేళ కోబో దానంతటదే నమోదు చేస్తుంది. కాబట్టి 20 వనరులు 40 నిమిషాల్లో అయిపోయాయంటే ఫారాలు అరుగు మీద కూర్చుని నింపారన్నమాట. నిజంగా నడిచి కొలిస్తే ఒక్కోదానికి పది నిమిషాలైనా పడుతుంది. చివరగా, తెర ఫోటోలో అంకె, ఫారంలో అంకె ఒకటేనా అని ఏవైనా ఐదింటిని తెరిచి చూడండి.

తప్పు కనిపిస్తే మర్నాడే చెప్పండి, నిందించకుండా చెప్పండి. "జీ5-11 దగ్గర ఫోటోలో 1,460 ఉంది, ఫారంలో 146 ఉంది, చూడండి" అంటే చాలు. వాళ్లు పంపినది ఎవరో నిజంగా చదువుతున్నారని తెలిశాక తర్వాతి విడత డేటా నాణ్యతే మారిపోతుంది.

కొలతలన్నీ పూర్తయ్యాక గ్రూపులను తారుమారు చేసి, ప్రతి ఊళ్లో రెండు వనరులను వేరే గ్రూపుతో వేరే మీటరుతో కొలిపించండి. 10 శాతం లోపు తేడా ఉంటే ఆ ఊరి డేటాను నమ్మవచ్చు. అంతకు మించితే మీటరును ముందు అనుమానించండి, తర్వాత నడుమ వాన పడిందేమో చూడండి, ఆ తర్వాతే పిల్లలను అడగండి.

## మెట్టు 5: డేటా శుభ్రం చేయడం (6వ వారం)

కోబో నుంచి దించుకున్న ఫైలును "అసలు" అని పేరు పెట్టి, ఎవరూ మార్చకుండా తాళం వేయండి. పని అంతా కాపీ మీదే. పక్కన "మార్పులు" అనే షీటు ఒకటి: తేదీ, వనరు కోడ్, పాత అంకె, కొత్త అంకె, కారణం. ఏ అంకె మార్చినా ఇక్కడ ఒక వరుస పడాలి. కారణం రాయలేని మార్పు చేయకూడదు.

తెలుగు అక్షరాలు ఎక్సెల్‌లో పిచ్చి గుర్తులుగా కనిపిస్తే ఫైలు పాడైపోలేదు. డబుల్ క్లిక్ చేసి తెరవడం వల్ల అలా జరుగుతుంది. డేటా మెనూ నుంచి ఫైలును దిగుమతి చేసి, తెలుగు అక్షరాలను సరిగ్గా చదివే యూటీఎఫ్-8 ఎంచుకోండి. అన్నీ ఒకే కాలమ్‌లో కుప్పగా పడితే, సీఎస్‌వీ ఫైలు కామాలతో కాక సెమికోలన్లతో విడదీసి ఉందని అర్థం. దిగుమతిలో ఆ గుర్తు ఎంచుకుంటే కుదురుకుంటుంది.

లోతు కాలమ్‌ను ప్రత్యేకంగా చూడండి. కొందరు మీటర్లలో చెప్పింది అడుగులుగా రాసి ఉంటారు. పక్కపక్క బోర్లు 300, 320, 280 ఉండి నడుమ ఒకటి 95 ఉంటే అది మీటర్ల లెక్క అయ్యుండవచ్చు. "అయ్యుండవచ్చు" అన్నందుకు మార్చేయకూడదు, యజమానిని అడిగి మార్చాలి. తెలియదు అన్నచోట ఖాళీగా వదలాలి. ఖాళీ గడిలో సున్నా పెడితే సగటు అంతా కిందికి లాగేస్తుంది.

## మెట్టు 6: పట్టిక, మ్యాపు (6, 7 వారాలు)

మొదటి వారంలో గీసిన ఖాళీ పట్టికను ఇప్పుడు నింపాలి. 500 లోపు ఎన్ని, 500 నుంచి 2,000 ఎన్ని, 2,000 పైన ఎన్ని. గూగుల్ షీట్స్‌లో పివట్ టేబుల్‌తో (వరుసలను కోరిన విధంగా లెక్కపెట్టి చూపే పట్టిక) పది నిమిషాల పని. సగటుతో పాటు మధ్యగతం (అంకెలను చిన్న నుంచి పెద్దకు పేర్చితే సరిగ్గా నడుమ పడేది) కూడా రాయించండి. 20 బోర్లలో ఒక్కటి 4,000 ఉంటే సగటు ఊరంతటినీ ఉప్పగా చూపిస్తుంది. మధ్యగతం అలా మోసపోదు. శాతాలు రాస్తే పక్కన అంకె కూడా ఉండాలి: "35 శాతం, అంటే 20లో 7".

మ్యాపుకు క్యూజీఐఎస్‌లో డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ ద్వారా ఫైలు ఎక్కించండి. ఎక్స్ దగ్గర లాంగిట్యూడ్, వై దగ్గర లాటిట్యూడ్, కోఆర్డినేట్ సిస్టమ్ ఈపీఎస్‌జీ 4326 (జీపీఎస్ వాడే అక్షాంశ, రేఖాంశాల పద్ధతి కోడ్). వెనక ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పొర పెట్టండి. చుక్కలు నల్లగొండలో ఉండాల్సింది ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలితే ఎక్స్, వై తారుమారయ్యాయి. ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలో ఒక చుక్క ఉంటే ఆ రికార్డుకు జీపీఎస్ సున్నాగా పడింది.

దూరాలు కొలవాలంటే యూటీఎంకు మార్చాలి (చోటును డిగ్రీల్లో కాక మీటర్లలో చెప్పే పద్ధతి, భూమిని జోన్లుగా విడదీస్తుంది). రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 44వ జోన్. అనంతపురం, హిందూపురం, ఆదోని, నారాయణపేట వైపు 78 డిగ్రీలకు పడమర, అవి 43వ జోన్. కాలేజీ అక్కడుంటే ఇది గమనించండి. చుక్కలు పెట్టడం వరకే అయితే ఈ గొడవ అక్కర్లేదు.

రంగులకు సొంత హద్దులు ఇవ్వాలి: 500, 2,000. సాఫ్ట్‌వేర్ దానంతటది ఎంచిన హద్దులు, 437 నుంచి 811 లాంటివి, ఎవరికీ ఏమీ చెప్పవు. ఎరుపు, ఆకుపచ్చ కలిపి వాడవద్దు, ఆ రెండింటి తేడా తెలియని కళ్లున్నవాళ్లు చాలా క్లాసుల్లో ఉంటారు. లేత నీలం, నారింజ, ముదురు గోధుమ బాగా విడిపోతాయి.

చుక్కల నడుమ ఖాళీని రంగుతో నింపే ఇంటర్‌పోలేషన్ బటన్ పిల్లలను ఊరిస్తుంది. దాన్ని నొక్కనివ్వవద్దు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా చోట్ల కింద గ్రానైటు రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఉంటాయి. వంద అడుగుల ఎడంలో ఉన్న రెండు బోర్లు రెండు వేర్వేరు పగుళ్లకు తగిలి ఉండవచ్చు, రెంటి నీళ్లూ వేరుగా ఉండవచ్చు. 20 చుక్కలతో ఊరంతా రంగు పూస్తే, కొలవని ఇంటి నీళ్ల గురించి అబద్ధం చెప్పినట్టవుతుంది. చుక్కలు చుక్కలుగానే ఉండనివ్వండి.

చూసుకోవలసింది: మ్యాపును ఈ ప్రాజెక్ట్‌తో సంబంధం లేని ఒక విద్యార్థికి చూపించి "ఏ వీధిలో నీళ్లు ఎక్కువ ఉప్పగా ఉన్నాయి?" అని అడగండి. అర నిమిషంలో చెప్పలేకపోతే మ్యాపు మళ్లీ చేయాలి.

## మెట్టు 7: ఊరికి తిరిగి ఇవ్వడం (8వ వారం)

కాలేజీకి రిపోర్టు ఎలాగూ ఉంటుంది. దానికన్నా ముందు ఊరి కోసం తెలుగులో ఒక్క పేజీ రాయించండి. తెలుగు శాఖ లెక్చరర్‌ను ఇక్కడ కలుపుకోండి. ఏ తేదీన కొలిచాం, ఎన్ని వనరులు, ఏ గీత దాటినవి ఎన్ని, ఏం కొలవలేదు, పూర్తి పరీక్షకు ఎక్కడికి వెళ్లాలి. అంతే.

"మీ నీళ్లు విషం" లాంటి మాటలు రాకూడదు. "ఈ నీళ్లు నిరభ్యంతరంగా తాగవచ్చు" అనే మాట కూడా రాకూడదు. రెండూ జేబు మీటరు చెప్పగలిగేవి కావు. ఫలానావారి బోరు, ఫలానావారి ప్లాంటు అని పేర్లు బయటపెట్టకుండా ప్రైవేటు వనరుల ఫలితం వాళ్లకే విడిగా చెప్పండి. పేజీని ముందు పంచాయతీ కార్యదర్శికి చూపించి, ఆ తర్వాతే నోటీసు బోర్డుకు.

## మార్కులు

50కి లెక్క: ప్రశ్న, పట్టిక 5, ఫారం, ముందస్తు పరీక్ష 5, డేటా నాణ్యత 15, విశ్లేషణ, మ్యాపు 10, ఊరి పేజీ 5. ఇవి 40, గ్రూపువి. వైవా 10, ఎవరివి వారివి. రిపోర్టు అందానికి మార్కులు లేవు. డేటా నాణ్యతకు 15 ఎందుకంటే, కొనుక్కోలేనిదీ కాపీ కొట్టలేనిదీ అదొక్కటే.

గ్రూపులో ఒకరు మోసి నలుగురు ఊరేగే ఇబ్బందికి మందు: ప్రతి సభ్యుడూ మిగతా నలుగురికీ కలిపి 40 పాయింట్లు పంచాలి, రహస్యంగా, గూగుల్ ఫారంలో. సగటున ఒక్కొక్కరికి 10 వస్తుంది. వచ్చిన సగటును 10తో భాగించి గ్రూపు మార్కును దానితో హెచ్చవేయండి. గ్రూపుకు 32 వచ్చి ఒకరికి సగటు 8 అయితే అతని మార్కు 25.6, అంటే 26. హెచ్చింపు 0.7కి తగ్గకుండా, 1.1కి మించకుండా ఆపండి, లేకపోతే కక్షలకు దారి తీస్తుంది. గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీలో ఎవరు ఎప్పుడు ఏం రాశారో కనిపిస్తుంది. పాయింట్లకూ దానికీ పొంతన లేకపోతే ఆ గ్రూపుతో మాట్లాడండి.

రిపోర్టును చాట్‌బాట్ చేత రాయించారా అని వేటాడి మీ సమయం పాడుచేసుకోవద్దు. వైవాలో వాళ్ల షీటు తెరిచి ఒక వరుస మీద వేలు పెట్టండి: "జీ7-14. ఇది ఎక్కడ ఉంది? ఆ రోజు ఎవరు కొలిచారు? రెండో రీడింగు ఎందుకు తేడా వచ్చింది?" వెళ్లినవాళ్లు ఆ ఇంటి ముందు వేపచెట్టుతో సహా చెబుతారు. మూడు వరుసలు అడిగితే పది నిమిషాల్లో ఎవరి పని ఎంతో తేలిపోతుంది.

## వేరే సబ్జెక్టులకు

ఫారం, ముందస్తు పరీక్ష, అదే రోజు తనిఖీ, మార్పుల షీటు, వరుస మీద వైవా: ఈ చట్రం ఎక్కడైనా పనిచేస్తుంది. కామర్స్ వాళ్లు కిరాణా కొట్లలో యూపీఐ వాడకం, ఉద్దెర ఖాతాలు చూడవచ్చు. తెలుగు విభాగం చేనేత, కుమ్మరి, వ్యవసాయ పనుల మాటలను ఆడియోతో సేకరించవచ్చు. అక్కడ మీటరు స్థానంలో రికార్డింగు నాణ్యత వస్తుంది, దాని పరీక్ష కూడా మూడో వారంలోనే జరగాలి.

## తర్వాతి బ్యాచ్ కోసం

ముగిసిన వారంలోనే నాలుగు ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో పెట్టండి: అసలు డేటా, శుభ్రం చేసిన డేటా, మార్పుల షీటు, ఫారం. ఫోల్డర్ విద్యార్థి ఖాతాలో కాకుండా కాలేజీ ఖాతాలో ఉండాలి, లేకపోతే వాళ్ల చదువు పూర్తవగానే పోతుంది. పక్కనే మీటర్ల నంబర్లు, వాటి ఉప్పు ద్రావణం రీడింగులు. వనరుల కోడ్లు మార్చవద్దు. ఇవే బోర్లను ఏప్రిల్‌లో ఒకసారి, వానలు వెనకపట్టాక నవంబరులో ఒకసారి వచ్చే బ్యాచ్ కొలిస్తే, జీ3-07 అనే పేరు కింద రెండో అంకె చేరుతుంది.